ఎడ్లు లాక్కెళ్లిన ఇల్లు

ఆ రోజుల్లో ప్రభుత్వాలు మారినంత తేలిగ్గా కుర్చీలు మారేవి కావు. పోలీసు యాక్షన్ అయిపోయింది, హైదరాబాదు స్టేటు కొత్త చేతుల్లోకి వచ్చింది, కచేరీ గోడల మీది పాత పటాలు దిగి కొత్తవి ఎక్కాయి. మేకులు మాత్రం మారలేదు. కొత్త పటం బరువుకి మేకు వంగిందో ఏమో, ఏ ఆఫీసులో చూసినా పటం కాస్త పక్కకి ఒరిగే ఉండేది. అంతకుముందు ఉర్దూలో ఆలస్యమయ్యే పనులన్నీ ఇంగ్లీషులో ఆలస్యం కావడం మొదలుపెట్టాయి. దీన్ని నవయుగం అనాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినట్టుగా అందరూ అలాగే అనేవారు. నేనూ అన్నాను. ఆ నవయుగంలో నాకు ఒక గుమాస్తా ఉద్యోగం దొరికింది మరి. తాత్కాలికమే అనుకోండి, అయినా యుగాన్ని పొగడటానికి తాత్కాలికపు ఉద్యోగం చాలు.

అప్పుడు నేను మారేడ్‌పల్లిలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. మా వాళ్లు ఎప్పుడో గుంటూరు వైపు నుంచి మిషను వాళ్ల వెంట వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డారు. పెద్దమ్మ మిషను బడిలో టీచరు. నాకు ఇంగ్లీషు ఆమె బెత్తం నేర్పింది, ఉర్దూ వీధి నేర్పింది, తెలుగు ఎవరూ నేర్పకుండానే వచ్చింది (అందుకే అదొక్కటే ఈనాటికీ చెడకుండా మిగిలింది). ఈ మూడు భాషలూ తెలిసి, తక్కువ జీతానికి ఒప్పుకునే మనిషి కోసం ప్రభుత్వం వెతుకుతుంటే, అలాంటి ప్రభుత్వం కోసం నేను వెతుకుతున్నాను. అలా మేమిద్దరం కలిశాం. ఆఫీసు పేరు గ్రామ గృహ రుణాల కార్యాలయం. పల్లెల్లో సొంత ఇల్లు లేనివాడు ఇల్లు కొనుక్కుంటానంటే సహకార బ్యాంకు అప్పిస్తుంది, వాడు ఎగవేస్తే తీర్చే పూచీ సర్కారుది. మధ్యలో ఆ మనిషి అప్పుకి అర్హుడా కాదా అని తేల్చడం మా పని. పెద్దమ్మ మాత్రం ఆదివారం చర్చి వాకిట్లో నిలబడి, మావాడు సర్కారు తరఫున ఇళ్లు పంచుతున్నాడని చెప్పేది. చర్చికొచ్చినవాళ్లు నావైపు తిరిగి చూసేవారు. నేను టై సర్దుకునేవాణ్ణి.

పల్లెల కోసం పెట్టిన ఈ ఆఫీసు రాంగోపాల్‌పేటలో ఒక బిస్కెట్ల బట్టీకి పైన ఉండేది. పల్లెల్లో ఆఫీసు పెట్టడానికి తగిన ఇల్లు ఒక్కటీ లేదని విచారణలో తేలిందట. బట్టీ వేడి నేలలోంచి పైకి వచ్చేది కాబట్టి మధ్యాహ్నం మేం బూట్లు విప్పడానికి ఉండేది కాదు. మా అధికారిగారు మద్రాసు వైపు నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. నల్లగొడుగు, తెల్లకోటు, ఎప్పుడూ తీయని తలపాగా, గుండీ కూడా నిబంధన ప్రకారం పెట్టుకునే మనిషి. ఏం అడిగినా "అది ఫలానా క్లాజు కింద సబ్‌క్లాజులో ఉంది చూడవయ్యా" అనేవారు కాబట్టి ఆయనకి సబ్‌క్లాజుగారని పేరొచ్చింది. ఆయనకి ఉర్దూ రాదు. ఆయన తెలుగు ఈ ప్రాంతపు జనానికి రాదు. పాత ప్రభుత్వం నుంచి మాకు సంక్రమించిన మున్షీసాబ్‌కి ఇంగ్లీషు రాదు, రాదని బాధా లేదు. వీళ్లందరి మధ్యా నేను దుబాసీని. ఒకరన్న మాట ఇంకొకరికి చేరేలోపు దాన్ని కాస్త మెత్తబరిచి ఇచ్చేవాణ్ణి. హైదరాబాదు స్టేటులో ఆ ఏడాది శాంతిభద్రతలు నిలబడ్డాయంటే అందులో నా వాటా కొంత ఉందని నా నమ్మకం.

ఆఫీసు తెరిచాక నెలలు గడిచాయి గానీ అప్పు కావాలని ఒక్క మనిషి రాలేదు. రాలేదంటే బొత్తిగా రాలేదని కాదు. రెండు ఇళ్లున్న ఒక పెద్దమనిషి, తనకి ఇళ్లు కట్టడంలో అనుభవం ఉంది కాబట్టి మూడోదానికి తనకే ఇవ్వడం క్షేమమని చెప్పడానికి వచ్చాడు. ఒక వకీలుగారు, తాను పట్నంలో ఉన్నా మనసు పల్లెలోనే ఉందని వాదించారు. అసలు పల్లెజనం మాత్రం గడప తొక్కలేదు. వాళ్ల అనుమానం సులువైనది. సర్కారు అంటే వడ్లు కొలిపించుకునేదీ, వెట్టికి పిలిచేదీ, కొట్టేదీ అని వాళ్లు పుట్టినప్పటి నుంచి చూశారు. ఇప్పుడు ఇదే సర్కారు ఎదురొచ్చి ఇల్లు కొనుక్కోవయ్యా, నేను పూచీ ఉంటానంటే, దీని వెనక ఇంకేదో పెద్దదే ఉందని ఊళ్లకి ఊళ్లు జాగ్రత్త పడ్డాయి. ఈలోగా మార్చి నెల దగ్గర పడింది. మార్చి దాటేలోగా ఒక్క అప్పయినా మంజూరు కాకపోతే మాకు ఇచ్చిన డబ్బు వెనక్కి పోతుంది, డబ్బు వెంట ఆఫీసు పోతుంది, ఆఫీసు వెంట నేను పోతాను. సబ్‌క్లాజుగారైతే మద్రాసు పోతారు, ఆయనకేం. మున్షీసాబ్ ఎక్కడికీ పోరు. అలాంటివి ఆయన చాలా చూశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక దర్జీ, ఆయన భార్యా మెట్లెక్కి వచ్చారు. దర్జీని అందరూ మాస్టరు అనేవారు. సన్నగా, తల వంచుకుని, మెడలో టేపు వేసుకుని ఉండేవాడు. అడిగినదానికి జవాబు చెప్పేముందు భార్య వైపు చూసేవాడు. ఆమెని ఊరంతా బీబమ్మ అని పిలిచేదట, మేమూ అలాగే పిలిచాం. వాళ్లది బొల్లారం దాటి బండిబాట మీద పోతే వచ్చే ఒక ఊరు. మూడు తరాలుగా ఊరంతటికీ బట్టలు కుట్టిన ఇల్లు. పోలీసు యాక్షన్ రోజుల్లో ఊళ్లోకి ఎక్కడివాళ్లో గుంపుగా వస్తున్నారని తెలిసి, కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని వీళ్లు సికింద్రాబాదు పారిపోయి వచ్చారు. వెనక ఇంటి కప్పు కాలింది, మిగిలిన గోడల్ని వానలు చూసుకున్నాయి. అప్పటినుంచి రాంగోపాల్‌పేటలో మాస్టరు చెల్లెలి ఇంట్లో, అటక మీద కాపురం. చెల్లెలు మంచిదే గానీ ఆమె అత్త రోజూ పొద్దున అటక వైపు చూసి నిట్టూర్చేదని బీబమ్మ చెప్పింది. తిట్టినా బాగుండేదట.

ఇప్పుడు ఊరివాళ్లే వాళ్లని తిరిగి రమ్మంటున్నారు. ప్రేమ ఎంతో చెప్పలేను గానీ, అవసరం మాత్రం చాలా ఉంది. దర్జీ లేని ఊళ్లో ఆడవాళ్ల రవికెలు పక్క ఊరివాడు కుడితే అవి ఎవరికీ పట్టేవి కావట, పెళ్లికొడుకు అంగీకి ఒక చెయ్యి పొడుగు వచ్చిందట. పైగా పట్నం వెళ్లిపోతున్న ఒక దుకాణదారు తన చిన్న పెంకుటిల్లు అమ్ముతానని వీళ్లకోసమే ఆపి ఉంచాడు. నేను ఇదంతా తర్జుమా చేసి చెబుతుంటే సబ్‌క్లాజుగారి ముఖం, నేను ఆ ఉద్యోగంలో చేరాక మొదటిసారి, వెలిగింది. సొంత ఇల్లు లేదు, పల్లె, కొనే ఇల్లు సిద్ధం, చేతిలో వృత్తి. ఆయన కలం కూడా తీశారు. అంతలో, ప్రస్తుతం నివాసం ఎక్కడ అని అడిగారు. ఇక్కడే, రాంగోపాల్‌పేటలో అన్నాడు మాస్టరు, ఈసారి భార్య వైపు చూడకుండా. కలం మూత పడింది. అప్పు తీసుకునేవాడు పల్లెలో నివాసం ఉండాలని నిబంధన.

"ఉండనీకి ఇల్లుంటే ఇల్లు గావాలని మీ కాడికి ఎందుకొస్తం సార్?" అంది బీబమ్మ.

నేను దీన్ని ఇంకొంచెం వినయంగా మార్చి చెప్పాను. సబ్‌క్లాజుగారు నిబంధనల పుస్తకం ఒకసారి తిరగేశారు. ప్రశ్న సమంజసమైనదేననీ, కానీ సమంజసమైన ప్రశ్నలకి ఈ పథకంలో అవకాశం కల్పించలేదనీ అన్నారు. ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే విచారించారు. అదే మరీ కష్టంగా అనిపించింది.

వాళ్లు లేచి వెళుతుంటే మున్షీసాబ్ వసారాలో ఆపి కూర్చోబెట్టారు. నేనూ వెళ్లాను (వాళ్ల మీద జాలితో అని అందరికీ చెప్పుకున్నాను గానీ, నా ఉద్యోగం మీద జాలి కూడా కొంత కలిసింది). ఊళ్లో నివాసం ఉండాలి, కానీ సొంత ఇల్లు ఉండకూడదు. ఎవరింట్లోనో ఉంటే అతిథి అవుతాడు, అతిథి నివాసి కాడు. పల్లెలో కిరాయిళ్లు ఉండవు. మసీదులో ఉందామంటే అది దేవుడి ఇల్లు, ఆయన్ని అడిగి సంతకం తేవాలి. చావడి సర్కారుది, అందులో ఉంటే ఆక్రమణ. పశువుల కొట్టానికి కప్పు ఉంది కాబట్టి సబ్‌క్లాజుగారు దాన్ని ఇల్లంటారేమోనని భయం. మేం ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతుంటే, బీబమ్మ గోడకి ఆనుకుని వింటూ, చివరికి నెమ్మదిగా చెప్పింది. "ఇల్లు కావొద్దు, మనిషి ఉండాలె. గంతేనా? మా ఊళ్ల బండి పెద్దయ్యకు గూడుబండి ఉంది. కోతలైనయ్, ఖాలీగనే నిలబెట్టుంది. అండ్ల ఉంటం."

మున్షీసాబ్ నావైపు చూశారు. "మియా, దీని మీద రూలు రాయాలని ఎవ్వనికీ తోచకపోయుంటది," అన్నారు.

బండి పెద్దయ్యకి ఇష్టమేనట. ఆయన కోడలు కడుపుతో ఉంది. పుట్టబోయేదానికి బట్టలు కుట్టే మనిషి ఊళ్లో ఉంటే చాలన్నాడు. అలా మాస్టరూ బీబమ్మా వాళ్ల ఊరికి తిరిగి వెళ్లి, ఊరి మధ్య కాడి దించి నిలబెట్టిన గూడుబండిలో కాపురం పెట్టారు. బండి కింద పొయ్యి, బండి లోపల పరుపు, బండి నొగల దగ్గర పలక వేసి కుట్టుమిషను. ఊరి ఆడవాళ్లు రవికె గుడ్డలు పట్టుకుని వరసగా వచ్చారు. నివాసం అన్నాక నంబరు ఉండాలని ఊరి లెక్కలు రాసే పట్వారీకి అనిపించి, ఊళ్లో చివరి ఇంటి తరవాతి నంబరు బండి వెనక చెక్క మీద సున్నంతో రాశాడు. నేను ఈ వివరాలన్నీ ఆఫీసులో చక్కటి ఇంగ్లీషులో టైపు చేశాను. "గూడుబండి" అనే మాటకి "వెదురు కప్పు గల తాత్కాలిక వసతి" అని అర్థం వచ్చేలా రాశాను. చక్రాల సంగతి రాయడానికి కాగితంలో చోటు చాల్లేదు.

తనిఖీకి సబ్‌క్లాజుగారు స్వయంగా వస్తానన్నారు. జీపు అడిగితే, పల్లెలకి వెళ్లే జీపు మరమ్మతులో ఉందనీ, పట్నంలో తిరిగే జీపు పల్లెలకి పోకూడదనీ జవాబొచ్చింది. బొల్లారం దాకా బస్సు. అక్కడినుంచి పట్వారీ పంపిన మనిషి మమ్మల్ని పొలం గట్ల మీదుగా అడ్డదారిన నడిపించాడు. బండిబాట చుట్టు తిరుగుడని. మార్చి ఎండ. సబ్‌క్లాజుగారు గొడుగు తన నెత్తిన మాత్రమే పట్టుకుని, దారి పొడుగునా నాకు స్థిరనివాసం, తాత్కాలిక నివాసం, ఆనుషంగిక నివాసం అనేవాటి మధ్య తేడా చెప్పారు. నేను అడుగు తీసి గట్టు మీద వేయడం ఒక్కటే ఆలోచిస్తూ అవునండీ అంటూ వచ్చాను.

ఊరు చేరేసరికి పట్వారీ ఎదురొచ్చాడు. ఆయన ముఖం చూడగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. నీళ్లు తాగమన్నాడు. తాగాం. కాసేపు కూర్చోమన్నాడు. కూర్చున్నాం. ఇక ఇల్లు చూపించమన్నారు సబ్‌క్లాజుగారు. పట్వారీ మమ్మల్ని ఊరి మధ్యకి తీసుకెళ్లి, ఖాళీ నేల చూపించాడు. పొయ్యిరాళ్లు ఉన్నాయి, బూడిద ఉంది, రవికె గుడ్డ చేత్తో పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, ఇల్లు మాత్రం లేదు. రెండు చక్రాల జాడలు దుమ్ములో ఊరి బయటికి సాగిపోయి ఉన్నాయి.

"ఇల్లేదీ?" అన్నారు సబ్‌క్లాజుగారు.

"దవాఖానకు పోయింది సారూ," అన్నాడు పట్వారీ.

సంగతి ఏమిటంటే, పొద్దున్నే పెద్దయ్య కోడలికి నొప్పులొచ్చాయి. మంత్రసాని పక్క ఊళ్లో పెళ్లికి పోయింది. బొల్లారం మిషను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఊళ్లో గూడు ఉన్న బండి అదొక్కటే. ఇంట్లో సామాను దింపే తీరిక లేక, పరుపుతో సహా అలాగే ఎడ్లు కట్టారు. బీబమ్మ తోడెక్కింది. కుట్టుమిషను పలకకి తాళ్లతో కట్టేసి ఉంది కాబట్టి, దానితోపాటు మాస్టరూ వెళ్లాడు. సబ్‌క్లాజుగారు ఇదంతా విని, నా టైపు కాగితం తీసి, "వెదురు కప్పు గల తాత్కాలిక వసతి" అన్నచోట వేలు పెట్టి, నావైపు చూశారు. ఆ చూపుని ఏ భాషలోకీ తర్జుమా చేయాల్సిన పని లేకపోయింది. నేను బూటులోంచి ఇసక దులుపుకున్నాను. ప్రభుత్వోద్యోగిగా నా జీవితం అక్కడితో ముగిసిందని, పెద్దమ్మ వచ్చే ఆదివారం చర్చి వెనక తలుపులోంచి వస్తుందని నాకు స్పష్టంగా కనబడింది.

దరఖాస్తుదారు నివాసంతో సహా పరారీ అని రాయాల్సి వస్తుందని ఆయన అన్నారు. తిరుగు ప్రయాణంలో బండిబాట పట్టాం. ఎలాగూ బస్సు అటే. పట్వారీ కూడా చేతులు నలుపుకుంటూ వెనకాలే వచ్చాడు. సబ్‌క్లాజుగారు సబ్‌క్లాజులు చెప్పడం కూడా మానేశారు. ఎండలో దూరం నడిచాక, కంటోన్మెంటు హద్దు రాయి దగ్గర బండి ఆగి కనబడింది. ఎడ్లు కాడి మీదే ఉన్నాయి. పెద్దయ్య వాటి ముందు నిలబడి పొలాల వైపు చూస్తున్నాడు. మాస్టరు చక్రం పక్కన గొంతుక్కూర్చుని తన కత్తెరని అగ్గిపుల్లల మీద కాలుస్తున్నాడు. పొలాల గాలికి ఒక్కో పుల్లా ఆరిపోతోంది. గూడు లోపలినుంచి వచ్చే మూలుగు వినేసరికి మాకు అంతా అర్థమైంది. ఆసుపత్రి దాకా ఆగలేదన్నమాట.

వెనకవైపు గూటికి తెర లేదు, పడమటి ఎండ సూటిగా లోపలికి పడుతోంది. బీబమ్మ గొంతు మాత్రం వినబడింది, కంగారు లేకుండా. "ఆ గొడుగాయనను జెర ఇటు రమ్మను. గొడుగు అడ్డం పట్టుమను. మొకం అటు తిప్పుకొమ్మను."

దీన్ని నేను వినయంగా మార్చలేదు. మార్చడానికి వ్యవధి లేదు. సబ్‌క్లాజుగారు ఒక్కసారి నావైపు, ఒకసారి గొడుగు వైపు చూసుకున్నారు. ఆ గొడుగుని ఆయన ఆఫీసులో ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు, వానాకాలంలో కూడా. గబగబా వెళ్లి బండి వెనక నిలబడి, గొడుగు విప్పి లోపలికి అడ్డంగా పెట్టి, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని, కళ్లు కూడా మూసుకున్నారు (ఎందుకైనా మంచిదని కాబోలు). ఆ తొందరలో తలపాగా జారి కింద పడి, ఎండంతా ఆయన తల మీద పడింది. అప్పటిదాకా ఆయనకి బట్టతల ఉందని మాకెవరికీ తెలియదు. మాస్టరు చేతిలోంచి అగ్గిపెట్టె నేను తీసుకున్నాను. గాలికి వీపు అడ్డం పెట్టి ఒక్కో పుల్లా వెలిగిస్తే కత్తెర ఎలాగో కాలింది. బొడ్డు కోయడానికి దాన్ని లోపలికి అందించాం. ఆ తరవాత ఎంతసేపో చెప్పలేను. ఎడ్లు తలలు ఊపితే మెడగంటలు మోగేవి, అంతే. పట్వారీ లోలోపల ఏదో దండకం చదువుతున్నాడు. నేను పెద్దమ్మ నేర్పిన ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాను.

పిల్ల ఏడ్చింది.

సబ్‌క్లాజుగారు కళ్లు తెరిచారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, చెమట పట్టిందని అన్నారు. ఆయన మాట మేం నమ్మాం. మాస్టరు మిషను పక్కనున్న కొత్త గుడ్డ ఒకటి లోపలికి అందించాడు. ఆ గుడ్డ ఎవరి రవికెదో. బీబమ్మ తొంగి చూసి, ఆడపిల్ల, తల్లి బాగుంది అని చెప్పింది. పెద్దయ్య అప్పటిదాకా పొలాల వైపే తిరిగి ఉన్నవాడు, కింద కూర్చుండిపోయి కండువాతో ముఖం కప్పుకున్నాడు.

మేం ఇక ఇళ్లకి వెళతామనుకున్నాను. కానీ సబ్‌క్లాజుగారు గొడుగు ముడిచి, బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. హద్దు రాయి దగ్గరికి వెళ్లి వంగి చూశారు. రాయి దాటితే పట్టణం, దాటకపోతే గ్రామం. ఎడ్లు రెండూ నిశ్చయంగా పట్టణంలో నిలబడి ఉన్నాయి. బండి మాత్రం గ్రామంలోనే ఉంది. ఆయన వెనక్కి వచ్చి, సున్నంతో రాసిన నంబరు ముందు ఆగి, పిల్ల పుట్టుక నమోదు చేసేటప్పుడు పుట్టిన చోటు ఏమని రాస్తావని పట్వారీని అడిగారు. పట్వారీ మా అందరి ముఖాలూ వెతికి, ఎక్కడా సాయం దొరక్క, ఈ నంబరేనన్నాడు.

"అయితే ఇది ఇల్లే," అన్నారు సబ్‌క్లాజుగారు.

అయిపోయింది అనుకున్నాను. ఇల్లయితే వాళ్లకి ఇల్లున్నట్టే. ఇల్లున్నవాళ్లకి అప్పు లేదు. మాస్టరుకి నిబంధనలు తెలియకపోయినా, ఆయన గొంతు విని తల ఇంకా వంచుకున్నాడు. బీబమ్మ గూటి అంచున కూర్చుని చేతులు తుడుచుకుంటూ, ఇంకేం అడుగుతాడో అన్నట్టు ఆయనవైపే చూస్తోంది. సబ్‌క్లాజుగారు పెద్దయ్య దగ్గరికి వెళ్లి, ఈ ఇల్లు ఎవరిదని అడిగారు. నాదేనన్నాడు పెద్దయ్య. మరి వీళ్లు ఇందులో ఎలా ఉంటున్నారని అడిగారు. పెద్దయ్యకి ప్రశ్న అర్థం కాలేదు. ఉంటున్నారు కాబట్టి ఉంటున్నారు.

"అద్దెకా?" అన్నారు సబ్‌క్లాజుగారు. ఆ మాట ఆయన చాలా నిదానంగా, కూడబలుక్కుంటూ అన్నారు. పరీక్షలో తప్పబోతున్న పిల్లవాడికి మా పెద్దమ్మ మొదటి అక్షరం అందించేటప్పుడు అచ్చం అలాగే అనేది. ఆయన ఏం చేస్తున్నారో నాకు అప్పుడు వెలిగింది. అద్దెకున్నవాడు నివాసి. అద్దెకున్నవాడికి సొంత ఇల్లు లేదు. కానీ అక్కడ ఎవరికీ అద్దె అన్న మాట తెలియదు. ఏకంగా ఒక రాష్ట్రానికి దుబాసీగా నియమితుణ్ణయిన నేను, జీతం తీసుకున్నందుకు ఆ రోజు ఒకే ఒక్క మాట తర్జుమా చేశాను.

"కిరాయికా అని అడుగుతున్నరు, పెద్దయ్యా," అన్నాను.

పెద్దయ్య తల ఊపాడు. కిరాయికేనన్నాడు, అంత సులువైన సంగతికి ఇంత తతంగమా అన్నట్టు. సబ్‌క్లాజుగారికి అక్కడితో ఆగే అలవాటు లేదు. కిరాయి ముట్టిందా అని అడగమన్నారు. నేను అడిగాను. పెద్దయ్య ఒక్క పైసా తీసుకున్నవాడు కాదు, అబద్ధం చెప్పే అలవాటున్నవాడూ కాదు. కాసేపు గూటివైపు చూశాడు. లోపల పిల్ల ఇంకా సన్నగా ఏడుస్తోంది.

"ఇయ్యాల్నే ముట్టింది సారూ," అన్నాడు.

సబ్‌క్లాజుగారు కలం తీశారు. గొడుగు నా చేతికిచ్చి, కాగితం బండిచక్రం మీద ఆనించి, నిలబడే రాసుకున్నారు. ఆయన వెనక నిలబడి నేను చదివాను. దరఖాస్తుదారు సదరు గ్రామంలో సదరు నంబరు గల వసతిలో అద్దెకి నివసిస్తున్నట్టు, తనిఖీ సమయంలో నివాసంలోనే ఉన్నట్టు, అద్దె చెల్లించినట్టు ఇంటి యజమాని స్వయంగా చెప్పినట్టు. చక్రాల ప్రస్తావన ఆయన కాగితంలోనూ రాలేదు. బస్సులో తిరిగొస్తూ నేను ఏదో కృతజ్ఞతగా అనబోతే, గొడుగు తడిసిందా చూడవయ్యా అన్నారు. వాన లేదు. తడిసిందండీ అన్నాను.

అప్పు మార్చి దాటకముందే మంజూరైంది. ఆ తరవాత, ఒక్కసారి దారి తెలిసింది కాబట్టి, ఆ ఊరి నుంచే ఇంకొందరు వచ్చారు. సర్కారు వెనకాల పెద్దదేదో లేదని, ఉన్నా అది గొడుగు పట్టే రకమని ఊళ్లల్లో చెప్పుకున్నారట. సబ్‌క్లాజుగారు మరుసటి ఏడు మద్రాసు వెళ్లిపోయారు. వెళ్లేరోజు మున్షీసాబ్‌తో కరచాలనం చేసి ఉర్దూలో ఒక పూర్తి వాక్యం చెప్పారు. మున్షీసాబ్‌కి అది అర్థం కాలేదు గానీ, చాలా బాగుందన్నారు. నన్ను వేరే శాఖలో పర్మనెంటు చేశారు. పెద్దమ్మ చర్చి ముందు తలుపులోంచే రాగలిగింది.

మంజూరైన డబ్బు చేతికందడానికి మాత్రం చలికాలం దాకా పట్టింది. మాస్టరూ బీబమ్మా ఆ పెంకుటింట్లో చేరిన రోజున నన్ను పిలిచారు. వెళ్లాను. గోడలకి కొత్త సున్నం, లోపల ఎక్కడ ఉండాలో ఇంకా తేల్చుకోని కుట్టుమిషను, అరుగు మీద రవికె గుడ్డల ఆడవాళ్లు. పెద్దయ్య మనవరాలు చెయ్యి పొడుగు సరిగ్గా కుదిరిన అంగీ వేసుకుని, ప్రతి ఒక్కరి ఒళ్లోకీ పాకుతోంది. బీబమ్మ నాకు సేమియా పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆమె ఇల్లంతా ఒకసారి కళ్లతోనే చుట్టివచ్చి, తలుపు దగ్గర ఆగింది. లేచి వెళ్లి తలుపు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. పని ఏమీ లేదు. తలుపు ఉందా అని చూసుకోవడం, అంతే.

సాయంత్రం బొల్లారం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ రోజు నా ధోరణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్క మాట తర్జుమా చేసి, కొన్ని అగ్గిపుల్లలు వెలిగించిన కుర్రాడు, హైదరాబాదు స్టేటులో ఇక ఇల్లు లేని మనిషి మిగలడన్నంత ధీమాగా, రోడ్డు పక్కన ప్రతి గుడిసెనీ లెక్కపెట్టుకుంటూ, దీని తరవాత ఇది, దాని తరవాత అది అని మనసులో పెంకులు వేసుకుంటూ పోయాడు. మారేడ్‌పల్లి వచ్చి కండక్టరు దిగమనే దాకా వేస్తూనే ఉన్నాడు. ఆ తరవాతి ఉద్యోగ జీవితమంతా, అలా పెంకులు వేయడం ఎక్కడ ఆపాలో నాకు చాలామంది నేర్పారు, నేనూ బాగానే నేర్చుకున్నాను. అయినా ఇప్పటికీ ఎప్పుడైనా బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, ఆ కుర్రాడు పక్కకి జరిగి నాకు కాస్త చోటిస్తాడేమోనని చూస్తుంటాను.